ఒక్క మెచ్చుకోలులో ఎన్ని బిట్లు?

ఈ సంచికలో "పాఠం" శీర్షిక రాయడం నా వంతు. ఇంతకుముందు రాసినవాళ్లు యతిప్రాసల గురించి, శతకాల గురించి చక్కగా చెప్పారు. నాకంత సీను లేదు. నేను సివిల్ వాడిని. నాకు తెలిసిందల్లా సిమెంటు, కంకర, ఇసుక, నీళ్లు. అందుకే పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ సైటులో నేర్చుకున్న ఒక పాఠమే రాస్తున్నాను. విషయం: మనతో ఎప్పుడూ పేచీ పెట్టుకునే మనిషి ఉన్నట్టుండి మనల్ని మెచ్చుకుంటే ఏమవుతుంది? అంత సంతోషం ఎందుకొస్తుంది? ఆ సంతోషాన్ని ఎంతవరకు నమ్మాలి?

ఇందులో కొంచెం కథ, కొంచెం సైకాలజీ, ఒక లాగరిథమ్ ఉన్నాయి. లాగరిథమ్ చూసి పారిపోకండి.

1. పల్నాడులో ఈ సమస్య పాతదే

ఒకే చోట పనిచేసే ఇద్దరికి పడకపోతే ఏమవుతుందో పల్నాడు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 12వ శతాబ్దం చివర గురజాలలో నలగామరాజు కొలువు. మొదట మంత్రి బ్రహ్మనాయుడు. తర్వాత ఆ కొలువులో నాయకురాలు నాగమ్మ మాట చెల్లింది. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరికీ పని తెలుసు. కానీ ఒకరి పనిని ఒకరు ఒప్పుకోలేదు. రాజ్యం గురజాల, మాచర్ల అని రెండు ముక్కలైంది. కోడిపందెం జరిగింది, ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలసపోయారు. తిరిగొచ్చి రాజ్యం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు ప్రాణాలతో రాలేదు. చివరికి కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున యుద్ధం. ఇప్పటికీ ప్రతి కార్తీకంలో కారెంపూడి వీర్లగుడి దగ్గర అయిదు రోజులు ఆ కథని తలుచుకుంటారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు.

నేను ఇంటర్న్‌షిప్‌కి గురజాల వైపు వెళ్తున్నానంటే మా తాతయ్య ఇదే కథ చెప్పి, "అక్కడెవరితోనూ పంతాలకి పోబాక" అన్నాడు. నేను నవ్వాను. వారం తిరక్కుండానే ఆ మాట గుర్తొచ్చింది.

2. రేకుల షెడ్డు, ముగ్గురు మనుషులు

సాగర్ కుడికాలువ కింద ఒక చిన్న కాలువ మీద కట్టడాల పని అది. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు, ఇదంతా పుస్తకంలో చదువుకున్నదే. కానీ ఆ నీళ్లు పొలానికి చేరాలంటే మధ్యలో ఎన్ని తూములు, ఎన్ని చిన్న వంతెనలు, ఎన్ని లైనింగు పనులు ఉంటాయో సైటు చూశాకే అర్థమైంది.

నన్ను ల్యాబులో వేశారు. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు. క్యూబులు నొక్కే సీటీఎం మెషిను, జల్లెళ్లు, తూకం, బయట రెండు క్యూరింగ్ ట్యాంకులు. రెంటచింతల అక్కడికి దగ్గరే. ఆంధ్రాలో ఎండలు ఎక్కడ ఎక్కువని అడిగితే ముందు చెప్పే పేరు అది. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడితే మనల్నే క్యూరింగ్ చెయ్యాలనిపిస్తుంది.

షెడ్డులో నాతో పాటు ఇద్దరు. ఒకరు సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్. యాభై దాటిన మనిషి. ఆయన్ని ఇక్కడ పెద్దాయన అని రాస్తాను. రెండో మనిషి హెల్పరు. క్యూబులు మొయ్యడం, మౌల్డులు తుడిచి నూనె రాయడం, ట్యాంకు చూసుకోవడం ఆమె పని. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

పెద్దాయన నన్ను మొదటి రోజే "ఏమయ్యా ఇంజినీరూ" అన్నాడు. ఆ పిలుపులో గౌరవం లేదని చెప్పడానికి నాకు తెలుగు భాషా పరిజ్ఞానం అవసరం పడలేదు. మొదటిసారి నేను పోసిన క్యూబుని మౌల్డు విప్పి చూస్తే ఒక పక్కంతా బొక్కలు. దాన్ని అందరి ముందూ పైకెత్తి, "ఇది క్యూబా, ఇడ్లీనా?" అన్నాడు. 150 మిల్లీమీటర్ల మౌల్డులో కాంక్రీటు మూడు పొరలుగా వెయ్యాలి, 16 మిల్లీమీటర్ల కడ్డీతో ఒక్కో పొరకి 35 పోట్లు తగ్గకుండా పొడవాలి. నేను సుమారుగా పొడిచేవాణ్ణి. ఆ రోజు నుంచి నాతో పైకి లెక్కపెట్టించాడు. పాతికేళ్ల టిప్పర్ డ్రైవర్లు నవ్వుతుంటే, "ముప్పై మూడు, ముప్పై నాలుగు" అని అరుస్తూ పొడవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రిజిస్టర్లో కొట్టివేత ఉంటే పేజీ తిప్పి నా ముందు పడేసేవాడు. కారణం చెప్పడు. తప్పెక్కడో నేనే వెతుక్కోవాలి. ఆయనతో కలిసి టీ తాగిన గుర్తు లేదు.

అక్క అలా కాదు. పొద్దున్నే నేను మౌల్డు పట్టుకోగానే "బాగా చేస్తన్నావు తమ్ముడూ" అనేది. సరిగా చేసినా అనేది, ఇడ్లీ పోసిన రోజూ అంది. అందుకే కాబోలు, ఆ మాట నా చెవికి ఫ్యాను చప్పుడులా అలవాటైపోయింది. వినపడేది, కానీ వినేవాణ్ణి కాదు.

3. ఇరవై కిలోన్యూటన్ల తేడా

నాలుగో వారంలో పెద్దాయన ఊళ్లో పెళ్లని సెలవు పెట్టాడు. ట్యాంకుల బాధ్యత నాది. అప్పుడే నీళ్ల ట్యాంకరు రావడం ఆగిపోయింది. రెండో రోజు అక్క వచ్చి, "చిన్న ట్యాంకులో నీళ్లు తగ్గినాయి తమ్ముడూ, పై వరస బయటికొచ్చింది" అంది. నేను ఫోన్లో ఉన్నాను. "రేపు ట్యాంకరొచ్చుద్దిలే అక్కా" అన్నాను. రేపు రాలేదు. ఎల్లుండి కూడా రాలేదు. మొత్తం నాలుగు రోజులు ఆ ఎండలో పై వరస క్యూబులు నీళ్లు లేకుండా ఉన్నాయి.

ఏడో రోజు మూడు క్యూబులు తీసి మెషినులో పెట్టాను. మా కాంక్రీటు ఎం25. వచ్చిన రీడింగులు ఇవి: 430, 330, 340 కిలోన్యూటన్లు. క్యూబు ముఖం వైశాల్యం 150 × 150, అంటే 22,500 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే 19.1, 14.7, 15.1 వచ్చాయి. సగటు 16.3.

ఇక్కడే చిక్కు. ఏడు రోజులకి 28 రోజుల బలంలో సుమారు 65 శాతం రావాలని సైటుల్లో ఒక మోటు లెక్క ఉంది. 25లో 65 శాతం అంటే 16.25. సగటు చూస్తే గట్టెక్కినట్టే! కానీ ఐఎస్ 456 ఇంకో మాట చెబుతుంది. ఒక శాంపిల్‌లోని మూడు క్యూబుల్లో ఏదీ సగటుకి 15 శాతం కంటే ఎక్కువ తేడాలో ఉండకూడదు. ఉంటే ఆ శాంపిల్ చెల్లదు. నా మొదటి క్యూబు సగటు కంటే 17 శాతం పైన ఉంది.

430ని 410 చేసి, 330ని 350 చేస్తే చాలు. తేడా 15 శాతం లోపలికి వస్తుంది, సగటు చెక్కుచెదరదు. అటో ఇరవై, ఇటో ఇరవై. షెడ్డులో నేను తప్ప రీడింగు చూసినవాళ్లు లేరు. పెద్దాయన మర్నాడు వస్తాడు. చెల్లని శాంపిల్ చూస్తే ఏమంటాడో నాకు ముందే వినపడుతోంది. పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను. నిజం చెబుతున్నా, ఆ క్షణంలో నాకు కాలువా గుర్తు రాలేదు, రైతూ గుర్తు రాలేదు. అందరి ముందూ మళ్లీ "ఇంజినీరూ" అనిపించుకోవాలే అన్నదొక్కటే భయం.

చివరికి వచ్చినవి వచ్చినట్టే రాశాను. అదేదో పెద్ద నిజాయితీ అనుకోకండి. కొట్టివేత ఉన్న పేజీని ఆయన వెనక్కి పడేసే తీరు చూసి చూసి, అంకె మార్చి రాయడానికి చెయ్యి రాలేదు. రిమార్కుల గడిలో ఇంకో వాక్యం కూడా రాశాను: "ట్యాంకులో నీళ్లు తగ్గి పై వరస క్యూబులు నాలుగు రోజులు ఆరిపోయాయి. రెండో రోజే తెలిసినా నేను నీళ్లు పోయించలేదు." కింద సంతకం పెట్టాను.

4. రేకు అవతల విన్న మాట

మర్నాడు పెద్దాయన వచ్చాడు. రిజిస్టరు తెరిచాడు, చదివాడు, మూశాడు. ఏమీ అనలేదు. నాకు తిట్టు కంటే అదే భయంగా ఉంది. ఆ సెట్టు పక్కన పెట్టించాడు. అదే పోతలోని 28 రోజుల సెట్టు పెద్ద ట్యాంకులో ఉంది, దానికి నీళ్ల లోటు రాలేదు. అది మెషినులో పెట్టేదాకా ఆగుదామన్నాడు. (అది తర్వాత 32 పైన వచ్చింది. కాంక్రీటులో లోపం లేదు, లోపం మా ట్యాంకుది.) మళ్లీ మామూలే. "ముప్పై మూడు, ముప్పై నాలుగు."

చివరి వారం. నేను బయట బకెట్‌తో చేతులు కడుక్కుంటున్నా. లోపల సైటు ఇంజినీరు గారు, పెద్దాయన మాట్లాడుకుంటున్నారు. ఏదో బిల్లు కోసం పాత రీడింగులన్నీ ఒకసారి సరిచూడాలంట. పెద్దాయన గొంతు వినపడింది.

"ఈ రెండు నెలలవి చూడక్కర్లేదు సార్. ఆ అబ్బాయి రాసినవి. ఉన్నది ఉన్నట్టు రాస్తాడు."

అంతే. రెండు నెలల్లో ఆయన నా గురించి అన్న మంచి మాట అదొక్కటే, అదీ నాతో అన్నది కాదు. బకెట్‌లో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను. ఆ రోజు రాత్రి రూములో మా వాళ్లకి నాలుగుసార్లు చెప్పుంటాను. సెమిస్టర్లో తొమ్మిది పైన జీపీఏ వచ్చిన రోజు కూడా అంత ఆనందం లేదు.

ఇక్కడితో కథ ఆపేస్తే "కష్టపడితే ఎప్పటికైనా గుర్తింపు వస్తుంది" అని నీతి రాసి మీ దగ్గర సెలవు తీసుకోవచ్చు. కానీ కాలేజీకి వచ్చాక నాకొక ప్రశ్న పట్టుకుంది. అక్క 48 రోజులు రోజూ మెచ్చుకుంది. ఆయన ఒక్కసారి మెచ్చుకున్నాడు. మరి ఆ ఒక్కటే ఎందుకు మిగిలింది?

5. మిన్నెసోటాలో ఒక ప్రయోగం

1965లో ఇలియట్ ఆరన్సన్, డార్విన్ లిండర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఈ ప్రశ్న మీదే ఒక ప్రయోగం ప్రచురించారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 80 మంది విద్యార్థినులు పాల్గొన్నారు. ఒక్కొక్కరూ ఒక అమ్మాయితో ఏడుసార్లు మాట్లాడతారు. ప్రతిసారీ అయిపోయాక, ఆ అమ్మాయి తన గురించి వేరేవాళ్లకి ఏం చెబుతోందో వినే అవకాశం దొరుకుతుంది. (అచ్చం నా బకెట్ సీనే!) ఆ అమ్మాయి పరిశోధకుల మనిషి, ఏం చెప్పాలో ముందే నిర్ణయించి ఉంది. ఒక గుంపుకి ఏడుసార్లూ మంచి మాటలే. ఒక గుంపుకి ఏడుసార్లూ చెడ్డవే. మూడో గుంపుకి మొదట మంచివి, పోనుపోను చెడ్డవి. నాలుగో గుంపుకి మొదట చెడ్డవి, పోనుపోను మంచివి.

చివర్లో "ఆ అమ్మాయి మీకెంత నచ్చింది?" అని అడిగారు. మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా స్కేలు. సగటులు ఇలా వచ్చాయి:

మొదట చెడ్డ, తర్వాత మంచి: 7.67
మొదటి నుంచీ మంచి: 6.42
మొదటి నుంచీ చెడ్డ: 2.52
మొదట మంచి, తర్వాత చెడ్డ: 0.87

మొదటి రెండు వరసలు ఇంకోసారి చూడండి. ఏడుసార్లూ మెచ్చుకున్న మనిషి కంటే, ముందు తిట్టి తర్వాత మెచ్చుకున్న మనిషే ఎక్కువ నచ్చింది. మొత్తం మీద మంచి మాటలు తక్కువే విన్నా సరే! తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నిటిలోనూ ఇది ఇంత గట్టిగా రాలేదు కాబట్టి దీన్ని న్యూటన్ సూత్రంలా పట్టుకోకూడదు. కానీ కారణాలు మాత్రం ఆలోచించదగ్గవి. ఒకటి, మొదట తిట్టు తిని బాధపడి ఉంటాం, ఆ బాధ తీరడం కూడా సంతోషంలో కలుస్తుంది. రెండు, "ఈ మనిషి అందరినీ ఊరికే పొగడదు, చూసి చెబుతుంది" అనే నమ్మకం. పెద్దాయన విషయంలో ఈ రెండూ వర్తిస్తాయి.

6. ఇప్పుడు లాగరిథమ్

ఈసీఈ మిత్రులకి ఇది పాత సంగతే, సివిల్ వాళ్ల కోసం చెబుతున్నా. 1948లో క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలవడానికి ఒక పద్ధతి చెప్పాడు. ఒక సందేశం వచ్చే సంభావ్యత p అయితే, అందులోని సమాచారం log₂(1/p) బిట్లు. తప్పకుండా వస్తుందని ముందే తెలిసిన సందేశంలో p విలువ 1, కాబట్టి సమాచారం 0 బిట్లు. ఎంత అరుదో అంత ఎక్కువ.

నా ఇంటర్న్‌షిప్ వారానికి ఆరు రోజుల చొప్పున ఎనిమిది వారాలు, 48 రోజులు. అక్క మెచ్చుకోలు 48కి 48 రోజులూ వచ్చింది. సమాచారం సున్నా. పెద్దాయనది 48 రోజుల్లో ఒక్కసారి. log₂48 అంటే సుమారు 5.6 బిట్లు. లెక్క తేలింది, నా ఆనందానికి కారణం దొరికింది, హాయిగా నిద్రపోవచ్చు అనుకున్నా.

నిద్ర పట్టలేదు. ఎందుకంటే షానన్ ఆ వ్యాసం మొదట్లోనే ఒక జాగ్రత్త చెప్పాడు. సందేశానికి అర్థం ఏమిటన్నది తన లెక్కలోకి రాదని. బిట్లు కొలిచేది ఆశ్చర్యాన్ని. ఆ మాట నిజమా, విలువైనదా అన్నది బిట్లకి తెలియదు. అరుదుగా వచ్చింది కదా అని ఒక మాట ఎక్కువ నిజం అయిపోదు. రోజూ వస్తుంది కదా అని అబద్ధమూ అయిపోదు.

ఇంకోటి కూడా తట్టింది. "చిన్న ట్యాంకులో నీళ్లు తగ్గినాయి తమ్ముడూ" అనే మాట అక్క కూడా 48 రోజుల్లో ఒక్కసారే అంది. అదీ 5.6 బిట్లే. పంపినవాళ్ల లోపం లేదు, అందుకున్నవాడు ఫోన్లో ఉన్నాడు.

7. వినుకొండ కవి, ఒక గండపెండేరం

సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి పల్నాడు గడ్డ మీది ఒక సాహిత్య ఉదాహరణ చెప్పకపోతే బాగుండదు. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది. కులం పేరుతో ఆయన పడ్డ అవమానాలు చిన్నవి కావు. కవిత్వం ఎంత బాగున్నా సభలో చోటు దొరకడమే కష్టమైన కాలం అది. 1941లో "గబ్బిలం" రాసి, ఒక నిరుపేద దళితుడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి గబ్బిలంతో చెప్పి పంపే కావ్యంగా దాన్ని నిలబెట్టారు.

అలాంటి జాషువా కాలికి గండపెండేరం తొడిగింది ఎవరు? తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. శతావధాని. సాహిత్య వివాదాల్లో ఎంతటివారినైనా ఎదిరించి నిలబడ్డ మనిషి, ఊరికే ఒకరిని పొగిడే రకం కాదు. అంతటి పండితుడు సంప్రదాయపు అడ్డుగోడలు దాటి, వంగి ఆ కవి కాలిని ముట్టుకున్నాడు. ఆ గౌరవంలో ఎన్ని బిట్లున్నాయో లెక్కకట్టడం నావల్ల కాదు.

నేను ఈ సంగతి నుంచి రెండు విషయాలు తీసుకున్నాను. మొదటిది, చెళ్లపిళ్ల మెచ్చుకోలు నలుగురి ఎదుట జరిగింది. మన ఇళ్లలో ఎదుటపడి పొగడరు. పొగిడితే ఆయుక్షీణం, దిష్టి తగులుతుంది, పిల్లాడు చెడిపోతాడు అంటారు. పెద్దాయన కూడా ఆ పద్ధతిలో పెరిగిన మనిషే. గోడకి అవతల చెప్పాడు. నేను ఆ టైముకి చేతులు కడుక్కోకపోయుంటే జీవితాంతం "ఆయనకి నేనంటే పడదు" అనే అనుకునేవాణ్ణి. రెండో విషయం ముఖ్యమైనది. చెళ్లపిళ్ల మెచ్చుకోక ముందు కూడా జాషువా కవిత్వం జాషువా కవిత్వమే. పెద్దవాళ్లు గుర్తించిన రోజు దాని విలువ పుట్టలేదు, ఆ రోజు బయటపడిందంతే.

8. ఉన్నది ఉన్నట్టు రాశానా?

ఇక దాచిన సంగతి చెప్పేస్తాను. మూడు క్యూబుల్లో 430 వచ్చిన ఆ మొదటి క్యూబు ఎందుకు బాగుంది? అది కింది వరసది. కింది వరసకి నీళ్లు ఎలా నిలిచాయి? ట్యాంకరు రాని ఆ రోజుల్లో, అక్క తాగునీళ్ల డ్రమ్ము దగ్గర్నుంచి బకెట్లతో మోసి ట్యాంకులో పోసింది. నేను చూశాను. పై వరస మునిగేంత నీళ్లు ఒక్క మనిషి మొయ్యలేదు కాబట్టి కిందిదైనా కాపాడింది. ఆ ఒక్క క్యూబు వల్లే సమస్య కాంక్రీటులో కాదు, క్యూరింగ్‌లో ఉందని తేలింది. అది కూడా ఎండిపోయుంటే మూడూ ఒకేలా తక్కువ వచ్చేవి. కాంక్రీటే బాగాలేదనుకునేవాళ్లం, దాని మీద ఎంత గొడవ జరిగేదో.

ఆ బకెట్ల సంగతి నేను రిజిస్టర్లో రాయలేదు. నా తప్పు రాశాను, నిజాయితీపరుడన్న పేరు తెచ్చుకున్నాను. ఆమె చేసిన మంచి పని రాయాలన్న ఆలోచనే రాలేదు. "ఉన్నది ఉన్నట్టు రాస్తాడు" అన్న మాటకి అంత పొంగిపోయానే, ఆ మాట పూర్తిగా నిజం కాదు.

2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కృతజ్ఞత మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరితో తమకి మేలు చేసినవాళ్లకి ఉత్తరాలు రాయించారు. అందుకున్నవాళ్లు ఎలా ఫీలవుతారో ముందే ఊహించమన్నారు. రాసినవాళ్లు అవతలివాళ్ల సంతోషాన్ని తక్కువగా, ఇబ్బందిని ఎక్కువగా ఊహించారు. అంటే మనం "ఇప్పుడు ఫోన్ చేసి థ్యాంక్స్ చెబితే ఎబ్బెట్టుగా ఉంటుందేమో" అనుకుని ఆగిపోతాం, వినేవాళ్లకి ఆ ఎబ్బెట్టు అంతగా ఉండదు.

ఇది చదివాక సర్టిఫికెట్ కోసం సైటుకి వెళ్లాల్సిన పని పడింది. నరసరావుపేట నుంచి బస్సులో వెళ్తూ దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నా. షెడ్డులో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. బకెట్ల సంగతి చెప్పాను. ఆయన విన్నాడు.

"మరి రిజిస్టర్లో లేదే?" అన్నాడు.

"రాయలేదు సార్."

కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఆ పాత రిజిస్టరు తీసి, ఆ పేజీ తెరిచి, పెన్ను నా ముందు పెట్టాడు. "ఇయ్యాల్టి తారీకు వేసి రాయి. పాతదాంట్లో ఇరికించబాక."

రాశాను. నన్నేమైనా అంటాడేమోనని చూశాను. "ఆమె రెండు గంటలకి వచ్చుద్ది, ఉండి చెప్పి పో" అన్నాడు. టీ తెప్పించాడు. రెండు గ్లాసులు.

అక్క వచ్చాక విషయం చెప్పాను. నవ్వింది. "నీళ్లు పోస్తే కూడా రాస్తారా దాంట్లో?" అంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"నా పేరెక్కడుందో చూపిచ్చు. చదువు తమ్ముడూ."

చదివాను. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. పెద్దాయన అటు తిరిగి జల్లెడ దులుపుతూ ఉన్నాడు.

9. ఇంటిపని

పాఠం కాబట్టి ఇంటిపని తప్పదు. మూడే ప్రశ్నలు, మార్కులు లేవు.

ఒకటి. మీ ప్రాజెక్టు బ్యాచ్‌లో, ల్యాబులో, హాస్టల్లో మీకు అస్సలు పడని ఒక మనిషిని తీసుకోండి. ఆ మనిషి బాగా చేసే పని ఒకటి రాయండి. "మంచివాడు" అని కాదు, ఫలానా పని, ఫలానా రోజు అని స్పష్టంగా. నాగమ్మ, బ్రహ్మనాయుడు ఈ ఇంటిపని చేసుంటే కారెంపూడి చరిత్ర వేరేలా ఉండేదేమో, సరదాకి అంటున్నా.

రెండు. మిమ్మల్ని రోజూ మెచ్చుకునే మనిషిని తలుచుకోండి. ఆ మనిషి చెప్పిన మాటల్లో మీరు ఫ్యాను చప్పుడులా వదిలేసిన హెచ్చరిక ఏదైనా ఉందా?

మూడు. మిమ్మల్ని ఎవరైనా పొగిడిన ఒక పనిని తీసుకుని, అందులో మీరు రాయని బకెట్లు ఎన్నో లెక్కపెట్టండి. ఇవాళ్టి తేదీ వేసి రాయండి. పాతదాంట్లో ఇరికించకండి.